పైపు అందని గది

నేను మా శాఖ యంత్రాల వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా ఉండగా, ఒక అక్టోబరు నెల రెండో వారంలో, నన్ను కిషన్‌బాగ్ వరద పనులకు డెప్యూట్ చేస్తూ మెమో వచ్చింది. పదవీ విరమణకు అప్పటికింకా నాలుగేళ్లుంది. మెమోలో మూడే వాక్యాలు. మూసీ పొంగి బురద చేరిన ఇళ్లను కడగడానికి పెట్రోలు ప్రెషర్ వాషర్ ఒకటి, మెకానిక్ ఒకరు, ట్యాంకరు నీళ్లు ఇస్తున్నామని మొదటిది. రోజూ లాగ్ బుక్ నింపాలని రెండోది. యంత్రానికి, దాన్ని నడిపే మనిషికి పూర్తి బాధ్యత ఫోర్‌మన్‌దేనని మూడోది. ఇలాంటి వాక్యాలను మేం సంతకం పెట్టేటప్పుడు చదవం. తర్వాత చదువుతాం.

ఇచ్చిన మెకానిక్ జహంగీర్ భాయ్. ఆయన గురించి ముందే చెప్పాలి. మా నాన్న అదే వర్క్‌షాపులో ఫిట్టరు. సర్వీసులో ఉండగానే పోతే ఆ ఉద్యోగం నాకు ఇచ్చారు. ఆడపిల్ల స్పానర్ పట్టుకుంటే ఎట్లా ఉంటుందో చూడాలని మొదటి వారమంతా స్టోర్స్ వాళ్లు కూడా వచ్చి నా బెంచీ చుట్టూ నిలబడేవారు. నాలుగో రోజు జహంగీర్ భాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, “ఏంది లొల్లి? సర్కస్ అయిపోయింది, పోండ్రి” అన్నాడు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఇంజన్ శబ్దం విని జబ్బు చెప్పడం నాకు నేర్పింది ఆయనే. పరీక్షలు రాసి నేను ఆయనకు పై అధికారినయ్యాక, కొంత ఎగతాళిగా, కొంత గర్వంగా నన్ను “ఫోర్‌మన్ సాబ్” అని పిలవడం మొదలుపెట్టాడు. ఇద్దరం కలిసి ఎన్ని పనులు చేశామో లెక్కలేదు. ఆయన గోడకు అవతల నీళ్లు చిమ్మే గన్ పట్టుకుంటే, ఇవతల యంత్రం దగ్గర నిలబడి ఆయన ఏం చేస్తున్నాడో నేను చెప్పగలిగేదాన్ని.

ప్రెషర్ వాషర్ అంటే చాలామందికి బండ్లు కడిగే సర్వీసింగ్ సెంటర్లలో కరెంటుతో నడిచేది తెలుసు. వరద గల్లీల్లో కరెంటు తీసేశారు కాబట్టి మాకు పెట్రోలుది ఇచ్చారు. రెండు చక్రాల చట్రం మీద చిన్న ఇంజన్, దాని పక్కన పంపు. ఒక వైపు మామూలు పైపుతో నీళ్లు లోపలికి వెళ్తాయి. ఇంకో వైపు ఇనుప అల్లిక ఉన్న గట్టి పైపు గుండా గన్ వరకూ వెళ్తాయి. గన్ మూతికి పెట్టే నాజిల్‌ను బట్టి నీటి ధార సన్నగానో వెడల్పుగానో వస్తుంది. సన్న ధార చర్మం కోసేస్తుంది, సున్నం గోడను గుల్ల చేస్తుంది. పాత ఇళ్లలో మేం వెడల్పు నాజిలే వాడేవాళ్లం, అదీ గోడకు మూరెడు దూరం నుంచి.

మొదటి మూడు రోజులూ యంత్రం మమ్మల్ని తిప్పలు పెట్టింది. స్టార్టర్ తాడు లాగితే కదలదు. గల్లీ కుర్రవాళ్లు ఒకరి తర్వాత ఒకరు బలం చూపించి చేతులు దులుపుకున్నారు. అది ఇంజన్ జబ్బు కాదు. కిందటిసారి ఆపినప్పుడు పైపులో ఒత్తిడి అట్లాగే నిలిచిపోయి పంపును పట్టేస్తుంది. గన్ మీట నొక్కి ఆ నీళ్లు వదిలేసి తాడు లాగితే ఎవరికైనా కదులుతుంది. ఇంకోసారి ఇంజన్ అంటుకుని వెంటనే ఆగిపోయింది. వర్క్‌షాపులో నెలల తరబడి ట్యాంకులో ఉండిపోయిన పెట్రోలు జిగటై కార్బొరేటర్‌లో పేరుకుంది. అక్కడే గిన్నె విప్పి, కడిగి, కొత్త పెట్రోలు పోశాం. మూడోది, అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చింది, ధార ఆగి ఆగి రావడం. ఇంజన్ బాగానే తిరుగుతుంది, నీళ్లు మాత్రం వెక్కిళ్లు పెట్టినట్టు వస్తాయి. పంపులోకి నీళ్లు చాలినంత రావడం లేదని దాని అర్థం. లోపలికి వెళ్లే చోట సన్నని జాలీ ఉంటుంది, అందులో బురద నిండుతుంది. తీసి కడిగి, నాజిల్ పెట్టకుండా కాసేపు నీళ్లు పోనిచ్చి, పైపులోని గాలి వెళ్లిపోయాక మళ్లీ పని మొదలుపెట్టాలి.

నాలుగో రోజు మా జాబితాలో రాజలింగం గారి ఇల్లు వచ్చింది. ఆయన పత్తర్‌గట్టిలో చీరల అంచులు, జరీ అమ్మే దుకాణం నడిపి, కొన్నాళ్ల కిందట దాన్ని తమ్ముడి కొడుక్కి అప్పగించిన మనిషి. డెబ్బై దాటాయి. పిల్లలు లేరు. మేం వెళ్లేసరికి ధోవతి ఎగగట్టి, పొరకతో ఒక్కడే బురద నెడుతున్నాడు. నెట్టిన బురద గోడకు కొట్టుకుని మళ్లీ ఆయన కాళ్ల దగ్గరికే వస్తోంది.

“ఆగు బాపూ, గది మేం జూస్తం” అన్నాను.

ఆయన పొరక వదల్లేదు. “రేపు పగటీలికి అయితదా బిడ్డా?” అని అడిగాడు.

అప్పుడు విషయం చెప్పాడు. వరదకు వారం ముందు ఆయన భార్య అనసూయమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయింది. ఊరంతా నీళ్లలో ఉన్నప్పుడు ఆమె మూడో అంతస్తు వార్డులో పడుకుని ఉంది. ఇంట్లోకి నీళ్లు వచ్చాయని ఆయన ఆమెకు చెప్పలేదు. రోజూ సాయంత్రం ఆమె ఇంటి సంగతులు అడుగుతుంది. మల్లె కుండీకి నీళ్లు పోస్తున్నావా, నడిమి వాకిలి బండలు కడిగించావా, మంచం కిటికీ పక్కనే ఉంచావా అని. ఆయన అన్నిటికీ జవాబు చెప్తాడు. కుండీ కొట్టుకుపోయిన రోజు కూడా మొగ్గలు వేసిందని చెప్పాడు. రేపు ఆమెను డిశ్చార్జ్ చేస్తారు.

“పెండ్లయిన కాడికెంచి గా ఇల్లిడిసి ఒక్క రాత్రి గూడ బయట పండలే బిడ్డా అది” అన్నాడు. “ఎప్పుడు ఇంటికి తోల్కపోతవు, ఎప్పుడు తోల్కపోతవు, గదే అడుగుతది. వచ్చి గిది జూస్తె దాని పానం నిలువదు.”

జహంగీర్ భాయ్ పైపు విప్పడం మొదలుపెట్టాడు.

ఇల్లు పొడుగ్గా, లోపలికి లోపలికి ఉంది. గల్లీ తలుపు తీస్తే ముందు గది, దాని వెనుక నడిమి వాకిలి, వాకిలి వెనుక పడకగది. వాకిలికి ఒకప్పుడు ఆకాశం కనిపించేది. కోతుల బాధ పడలేక తర్వాత ఇనుప రేకులు వేయించారు. గల్లీ ఇరుకు కాబట్టి ట్యాంకరు లోపలికి రాదు. మలుపు దగ్గర అరుగు మీద పెద్ద డ్రమ్ము పెట్టి, దాన్ని నింపి, అక్కడి నుంచి యంత్రానికి నీళ్లు తెచ్చాం. యంత్రాన్ని గుమ్మం బయట, గల్లీలో నిలబెట్టాం. నిబంధన అదే. పెట్రోలు ఇంజన్‌ను కప్పు కింద నడపరాదు.

ఆ సాయంత్రానికి ముందు గది తేలింది. మర్నాడు పొద్దున్నే మొదలుపెడితే పదింటికల్లా వాకిలి బండలు బయటపడ్డాయి. నల్లగా, నున్నగా ఉన్నాయి. రాజలింగం గారు వంగి ఒక బండ మీద అరచేయి ఆనించాడు. “ఎండకాలం ఇద్దరం గిక్కడనే పండేది” అన్నాడు. ఎవరితోనూ అన్నట్టు లేదు.

మిగిలింది పడకగది. అక్కడికి పైపు అందలేదు.

మా దగ్గర రెండో పైపు ఉంది. రెండింటినీ కలిపే చోట ఉండే రబ్బరు రింగు తెగిపోయి, నీళ్లు అక్కడే చిమ్ముతున్నాయి. పైసా ఖరీదు చేయని వస్తువు. కొత్తది కావాలంటే స్టోర్స్‌కు ఇండెంట్ కాగితం రాసి పంపాలి. ఫోన్ చేస్తే సంతకం పెట్టాల్సిన మనిషి మీటింగులో ఉన్నాడని, రేపు పొద్దున ఇస్తామని చెప్పారు. రాజలింగం గారు నా ఫోను వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కాదనడం సులభమయ్యేదేమో.

నేను వాకిలి రేకులు చూశాను. ఎత్తుగానే ఉన్నాయి. గోడకూ రేకుకూ మధ్య జానెడు సందు ఉంది. గల్లీ తలుపు తెరిచే ఉంటుంది. పది నిమిషాల పని.

“బండి లోపలికి తెద్దాం భాయ్” అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. “కప్పు కింద వద్దు సాబ్.”

“తలుపు తీసే ఉంటది గద. పది నిమిషాలు.”

“పొగ పోయే జాగ లేదు. రేపు రింగు వస్తది, రేపు చేద్దాం. గా అమ్మను ఒక్కరోజు ఆగుమంటే ఆగదా?”

“ఆగదు” అన్నాను. ఆమెను నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఆయన నా ముఖం చూశాడు. తర్వాత, “ఫోర్‌మన్ సాబ్ మాట. చలో” అని గన్ భుజాన వేసుకున్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. హోదాకు ఒప్పుకోవడమే ఉంది. అది నాకు అప్పుడే వినిపించింది, విననట్టు ఊరుకున్నాను.

యంత్రాన్ని వాకిలి మధ్యలో పెట్టాం. ఆయన పడకగదిలోకి వెళ్లాడు. ఐదారు నిమిషాలు పని చక్కగా సాగింది. తర్వాత లోపలి నుంచి కేక వేశాడు, “నీళ్లు ఆగి ఆగి వస్తున్నయ్!” డ్రమ్ము అడుగున బురద చేరి ఉంటుందని, పైపు చూసి రావడానికి నేను గల్లీ మలుపు దాకా వెళ్లాను. పైపు మూతికి చెత్త అడ్డుపడింది. దాన్ని తీస్తుండగా వాన మొదలైంది. చినుకులు కావు, ఒక్కసారిగా కుమ్మరించింది.

కడిగిన ముందు గదిలోకి మళ్లీ నీళ్లు వస్తాయని రాజలింగం గారు గల్లీ తలుపును పైపు పట్టేంత సందు మాత్రం ఉంచి దగ్గరికి వేసి, మాకు చాయ్ చెప్పడానికి ఎదురింటికి వెళ్లాడు. ఆయన మంచి ఆలోచించే చేశాడు. తలుపు మూయరాదని ఆయనకు నేను చెప్పలేదు.

పెట్రోలు పొగలో వాసన ఉంటుంది, ముక్కు దానికి త్వరగా అలవాటు పడుతుంది. మనిషిని పడేసేది వాసన లేని వాయువు, కార్బన్ మోనాక్సైడ్. ముందు తల బరువెక్కుతుంది, వికారం పుడుతుంది, తర్వాత మోకాళ్లు వంగుతాయి. కాళ్ల కన్నా ముందు తెలివి మందగిస్తుంది కాబట్టి బయటికి నడవాలన్న ఆలోచనే రాదు.

డ్రమ్ము దగ్గర వానలో నిలబడ్డ నాకు ఇంజన్ శబ్దం మారినట్టు వినిపించింది. గన్ మీట నొక్కి ఉన్నప్పుడు ఇంజన్ బరువు మోస్తున్నట్టు మూలుగుతుంది. మీట వదిలితే నీళ్లు పంపులోనే గుండ్రంగా తిరుగుతాయి, ఇంజన్ తేలికపడి సన్నగా పాడుతుంది. అట్లా రెండు నిమిషాలకు మించి ఉంచితే నీళ్లు కాగి పంపు సీళ్లు చెడిపోతాయి. జహంగీర్ భాయ్ జన్మలో అట్లా వదలడు. పక్క చోటికి జరగడానికి వదిలితే మూడు, నాలుగు లెక్కపెట్టేలోపు మళ్లీ నొక్కుతాడు. నేను లెక్కపెట్టాను. పది దాటింది. ఇరవై దాటింది. సన్నని పాట ఆగలేదు.

నేను పరిగెత్తాను. తలుపు వేసి ఉండడం చూసినప్పుడు నాకు అంతా అర్థమైంది. తలుపు తన్ని, ఊపిరి బిగబట్టి, ముందు ఇంజన్ స్విచ్ ఆపాను. మనిషి కన్నా ముందు యంత్రం దగ్గరికి వెళ్లడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. కానీ అదే వరస. నేను కూడా పడిపోతే ఇద్దరికీ దిక్కుండదు. పడకగదిలో ఆయన మంచం కోడుకు వీపు ఆనించి బురదలో కూర్చుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూస్తున్నాయి, గుర్తుపట్టడం లేదు. చంకల కింద చేతులు వేసి వాకిలి దాకా లాగాను. అక్కడ నా ఊపిరి అయిపోయింది. అరిచాను. ఎదురింటి వాళ్లిద్దరు, రాజలింగం గారు వచ్చి ఆయన్ని వానలోకి మోసుకెళ్లారు. గల్లీలో పడుకోబెట్టి ముఖాన వాన పడనిచ్చాం. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నంత సేపూ “భాయ్, భాయ్” అని పిలుస్తూనే ఉన్నాను. అఫ్జల్‌గంజ్ దగ్గర ఆయన పెదవులు కదిలాయి. ఏమన్నాడో వినపడలేదు.

రాత్రంతా ఆక్సిజన్ పెట్టారు. ప్రాణానికి భయం లేదని పొద్దున డాక్టరు చెప్పింది.

అనసూయమ్మ డిశ్చార్జ్ ఒక రోజు వాయిదా పడింది. రాజలింగం గారు జహంగీర్ భాయ్‌ని చూడటానికి వచ్చి, ఆయన మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నాతో, “నువ్వు నాతోని పైకి రా బిడ్డా. నాకొక్కనికి చెప్పస్తలేదు” అన్నాడు.

మూడో అంతస్తులో ఆమె కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. చిన్న మనిషి. ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నీళ్లు వచ్చిన సంగతి, బురద సంగతి, మల్లె కుండీ సంగతి, మా మనిషి పడిపోయిన సంగతి తల వంచుకుని చెప్పాడు. ఆమె అంతా విని నా వైపు తిరిగింది.

“నీళ్లొచ్చినయని నాకు ఎర్కనే బిడ్డా” అంది. “తెల్లారే ఈ మనిషి కాళ్ల గోర్లల్ల బురద జూసిన. ఇంట్ల బురద లేంది గోర్లల్లకు యాడికెంచి వస్తది?”

“మరి ఎందుకు అడగలేదమ్మా?” అన్నాను.

“రోజు పొద్దుమీకి వచ్చి వాకిలి గిట్లుంది, మొగ్గలు గిట్లేసినయని చెప్తుండె. ఇల్లు కండ్ల ముంగటికి వస్తుండె. అడిగితే చెప్పుడు బందు వెడ్తడని ఊకున్న.” తర్వాత, “మీ మనిషికి ఎట్లుంది? నేను బురదింట్లకైనా పోదును బిడ్డా. నాకు గా జాగ గావాలె గని కడిగింది గావాల్నా?” అంది.

రాజలింగం గారు భుజం మీది టవలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను మెట్లు దిగి కిందికి వచ్చి, జహంగీర్ భాయ్ వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాను.

ఆ పడకగదిని ఆ మధ్యాహ్నం గల్లీలోని ఆడవాళ్లు, నేను కలిసి బకెట్లతో, గుడ్డలతో శుభ్రం చేశాం. మూడు గంటలు పట్టింది. యంత్రం అవసరమే రాలేదు.

తర్వాతి కథ ఆఫీసు కథ. మా అసిస్టెంట్ ఇంజనీరు నన్ను పిలిచి, యంత్రాన్ని ఇంటివాళ్లే లోపలికి జరిపారని రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదని సూచించాడు. చెడ్డవాడు కాదు, నా సర్వీసు గురించి ఆలోచించాడు. నేను జరిగింది జరిగినట్టు రాశాను: మెకానిక్ అభ్యంతరం చెప్పాడు, ఫోర్‌మన్ వినలేదు. సర్వీస్ రిజిస్టర్‌లో నా పేరు మీద మందలింపు నమోదైంది. అది న్యాయమే.

జహంగీర్ భాయ్ నెలన్నరకు డ్యూటీలో చేరాడు. తలనొప్పి పోలేదు, చేతి వేళ్లలో సన్నని వణుకు మిగిలింది. స్క్రూ డ్రైవర్ గాడిలో నిలవదు. లైట్ డ్యూటీ కింద ఆయన్ని గేటు దగ్గర రిజిస్టర్ రాయడానికి వేశారు. పొద్దున నేను లోపలికి వెళ్లేటప్పుడు, “సలాం ఫోర్‌మన్ సాబ్” అనేవాడు. ఏడాదిన్నర తర్వాత రిటైరై బీదర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆయన జాగాలో ఇద్దరు మెకానిక్‌లు మారారు. మంచి పనివాళ్లే. కానీ ప్రతిదీ కేక వేసి చెప్పుకోవాల్సి వచ్చేది. నేను యంత్రం పక్కన నిలబడి, గోడ అవతలి మనిషి ఏం చేస్తున్నాడో శబ్దంలో వెతికేదాన్ని. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ దొరికేది కాదు. రిటైరై ఇంట్లో ఉంటున్న ఇప్పుడు కూడా, వీధిలో ఎవరైనా ప్రెషర్ వాషర్‌తో బండి కడుగుతుంటే చేతిలో పని ఆపి వింటాను. మీట నొక్కడం, వదలడం, నొక్కడం. ఆయన వరస ఇంతవరకు మళ్లీ వినలేదు.

కిందటేడు బీదర్ వెళ్లాను. మిద్దె మీద చాపేసుకుని కూర్చున్నాం. నేను చాలా ఏళ్లుగా దాచుకున్న మాట చెప్పబోతే ఆయన వినలేదు. “తల తిరుగుతున్నప్పుడు నాకు తెల్సింది సాబ్” అన్నాడు. “కిటికీ పక్కన గోడ ఒక్కటే మిగిలె. గది అయిపోతే పోదామనుకున్న. గా ముసలామె మంచం పెట్టేది ఆడనే గద.” చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. వర్క్‌షాపులో పాత లేత్ యంత్రం ఇంకా ఉందా అని అడిగాడు. అమ్మేశారని చెప్పాను. “అరె” అన్నాడు. చీకటి పడేదాకా దాని గురించే మాట్లాడుకున్నాం. బస్సెక్కేటప్పుడు, నేను ఫోర్‌మన్‌నయ్యాక మొదటిసారి, నన్ను పేరు పెట్టి పిలిచాడు, “జాగ్రత్తగా పో సుగుణమ్మా” అని. ఆ పిలుపు నాకు నచ్చలేదు. పాతదే కావాలనిపించింది.

ఇంటికి ఇలాంటి యంత్రం కొనుక్కునేవాళ్లకు నేను చెప్పేది ఇది. ఇంజన్ బయట ఉండాలి, పైపు మాత్రమే లోపలికి రావాలి. పైపు చాలకపోతే ఆ రోజుకు పని ఆగాలి. సగం కప్పు కూడా కప్పే, తెరిచిన తలుపును ఎవరైనా మూయవచ్చు. పనిచేసేవాళ్లకు చెప్పేది ఇంకొకటుంది. మా ఇద్దరిలో హోదా నాది, ఆ గదిలో గాలి పీల్చింది ఆయన. “వద్దు” అనే హక్కు గాలి పీల్చేవాడికే ఉండాలి. మిగిలిన నా సర్వీసులో గన్ పట్టిన మనిషి వద్దంటే నేను ఇంజన్ స్టార్ట్ చేయించలేదు. అట్లా రెండుసార్లు పని ఆగింది. ఆ రెండు రోజుల లాగ్ బుక్కులో “పని జరగలేదు” అని రాసి సంతకం పెట్టాను.